48 ఏళ్ల వయసులో చిన్న బ్యాచ్‌లో చేరి బరువుల వ్యాయామం మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: విజయవాడ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని

అందరికీ నమస్కారం. నా వయసు 48 సంవత్సరాలు. బ్యాంకు ఉద్యోగం కావడంతో రోజులో ఎక్కువ సమయం కుర్చీలోనే గడిచిపోతుంది. ఉదయం అరగంట నడక ఎన్నో ఏళ్లుగా అలవాటే అయినా, ఈ మధ్య ఒంట్లో సత్తువ తగ్గుతున్న సంగతి స్పష్టంగా తెలుస్తోంది. నిండు గ్యాస్ సిలిండరును స్టవ్ దగ్గరకు జరపడం, 26 కిలోల బియ్యం బస్తాను గుమ్మం దగ్గర నుంచి వంటింట్లోకి చేర్చడం ఒకప్పుడు నాకు లెక్కలోకి వచ్చే పనులు కావు. ఇప్పుడు ఆ రెండింటికీ ఇంట్లో ఎవరినో ఒకరిని పిలవవలసి వస్తోంది. పూజ దగ్గర నేల మీద కూర్చుంటే, లేచేటప్పుడు గోడ ఆసరా లేకుండా లేవలేకపోతున్నాను.

మా కాలనీలో నలభై దాటిన మహిళల కోసం ఒక చిన్న శిక్షణ కేంద్రం ప్రారంభించారు. ఒక్కో బ్యాచ్‌లో ఆరుగురికి మించి తీసుకోరు. వారానికి మూడు రోజులు, రోజుకు 50 నిమిషాలు డంబెల్స్, కెటిల్‌బెల్స్ (పైన పిడి ఉన్న ఇనుప గుండ్లు), బార్‌బెల్ (రెండు చివరలా బరువులు తగిలించే పొడవాటి కడ్డీ)తో శిక్షణ ఇస్తారట. నెలకు 3,500 రూపాయలు. దగ్గరలోనే ఉన్న పెద్ద జిమ్‌లో నెలకు 1,200 రూపాయలే కాబట్టి, దాదాపు మూడు రెట్లు చెల్లించడానికి తగిన కారణం ఉందా అన్నది నా మొదటి సందేహం.

రెండవది ఇంకా ముఖ్యమైనది. ఫైబ్రాయిడ్ల కారణంగా మూడేళ్ల క్రితం నాకు గర్భసంచి తొలగించారు, అండాశయాలు మాత్రం ఉంచారు. బరువులు ఎత్తితే కడుపులోని అవయవాలు కిందకు జారతాయని మా అమ్మ, అత్తగారు ఇద్దరూ గట్టిగా భయపడుతున్నారు. నాకు రక్తపోటు కూడా ఉంది, రోజూ ఒక మాత్రతో అదుపులోనే ఉంటోంది. మేము శాకాహారులం, గుడ్డు కూడా తినము. ఈ పరిస్థితుల్లో చేరడం మంచిదా, చేరే ముందు ఏం చూసుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు చెబితే కృతజ్ఞురాలిని.

సమాధానం: కూకట్‌పల్లి నుంచి, 55 ఏళ్ల గృహిణి

మీ మొదటి సందేహానికి నేను సమాధానం చెప్పగలను, ఎందుకంటే నేను కొన్నేళ్లుగా అలాంటి బ్యాచ్‌లోనే ఉన్నాను. ఆ అదనపు సొమ్ము మీరు పరికరాలకు చెల్లించడం లేదు. పరికరాలు పెద్ద జిమ్‌లోనే ఎక్కువ ఉంటాయి. మీరు చెల్లిస్తున్నది మీ మీద ఉండే చూపుకు. పెద్ద జిమ్‌లో రద్దీ వేళ ఇరవై, ముప్పై మందికి ఒకరిద్దరు ట్రైనర్లు ఉంటారు. వారు మొదటి రోజు యంత్రాలన్నీ చూపించి వెళ్లిపోతే, ఆ తరువాత మీ నడుము వంగుతోందో, మోకాలు లోపలికి పడుతోందో చెప్పేవారు ఉండరు. ఇరవై ఏళ్ల కుర్రవాడి శరీరం ఆ తప్పులను కొంతకాలం ఓర్చుకుంటుంది కానీ, మన వయసులో అవే తప్పులు నెల తిరిగేలోగా నొప్పిగా మారతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. మా దగ్గర కొత్తగా చేరినవారికి మొదట బరువే ఇవ్వరు. వెనకాల ఒక స్టూలు పెట్టి, చేతులు ముందుకు చాచి, నెమ్మదిగా దాని మీద కూర్చుని లేవమంటారు. వినడానికి ఇంతే. కానీ కూర్చునేటప్పుడు మడమలు లేస్తున్నాయా, బరువంతా వేళ్ల మీదికి పోతోందా, చివరి రెండు అంగుళాలు అదుపు తప్పి ధబ్బున కూలబడుతున్నారా అన్నది మా ట్రైనర్ పక్క నుంచి ఒకసారి, ముందు నుంచి ఒకసారి చూస్తారు. ఒకరికి మోకాళ్లు లోపలికి వాలుతుంటే తొడలకు రబ్బరు బ్యాండు వేసి, దాన్ని బయటికి నెడుతూ కూర్చోమన్నారు. మరొకరికి స్టూలు మీద రెండు మందపాటి చాపలు మడిచి వేసి ఎత్తు పెంచారు. అది కుదిరిన తరువాతే గుండెల దగ్గర 4 కిలోల డంబెల్ పట్టుకుని అదే పని చేయించారు, తరువాత 6 కిలోలు, ఆపైన 8. ఎవరు ఏ రోజు ఎంత బరువు, ఎన్ని సెట్లు (విడతలు), విడతకు ఎన్నిసార్లు చేశారన్నది ఆమె ఒక పుస్తకంలో రాసుకుంటారు. నా దృష్టిలో ఆ పుస్తకమే ఆ కేంద్రం విలువకు కొలమానం.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఒక తరగతి పూర్తిగా కూర్చుని చూడండి. అక్కడ ఆరుగురికీ ఒకే రకమైన 2 కిలోల డంబెల్స్ ఇచ్చి, పాటకు తగ్గట్టు గబగబా ఊపిస్తూ, చెమట పట్టిందా లేదా అన్నదే లెక్కగా చూస్తుంటే, దానికి మూడు రెట్లు చెల్లించవద్దు. అదీ వ్యాయామమే, కానీ మీరు కోరుకుంటున్న బలం దానితో రాదు. అలా కాక ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బరువు ఉండి, భుజం పట్టేసిన ఆమెకు తల మీదికి ఎత్తే వ్యాయామం బదులు వేరొకటి ఇస్తూ, సెట్‌కు సెట్‌కు మధ్య నిమిషం, రెండు నిమిషాలు విశ్రాంతినిస్తుంటే, నిశ్చింతగా చేరండి.

బృందం వల్ల కలిగే మేలు ఇంకొకటి ఉంది. ఒక రోజు మానేస్తే ఐదుగురు ఫోన్ చేస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో, పిల్లల పరీక్షల రోజుల్లో ఇంటి పనుల కింద మనం మొదట వదులుకునేది మన వ్యాయామాన్నే. నాతో చేరినవారిలో ఎక్కువ మంది ఇప్పటికీ కొనసాగుతున్నారంటే ఆ పలకరింపులే ప్రధాన కారణమని నా నమ్మకం.

సమాధానం: విశాఖపట్నం నుంచి, ఫిజియోథెరపిస్టు

మీ రెండవ సందేహం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన రెండు రాష్ట్రాలలో ఇది ఎంతోమంది మహిళల సందేహం. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి గర్భసంచి తొలగింపు జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇంతమందికి ఆపరేషన్ చేసి, ‘ఇక బరువులు ఎత్తకండి’ అన్న ఒక్క మాటతో ఇంటికి పంపడం, ఆ నిషేధం ఎంతకాలమో చెప్పకపోవడం నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. ఆ జాగ్రత్త ప్రధానంగా కుట్లు, లోపలి కణజాలం మానే మొదటి కొన్ని వారాలకు ఉద్దేశించినది. అంతేకానీ జీవితాంతం బిందె కూడా ఎత్తకూడదని దాని అర్థం కాదు.

అయితే మీ అమ్మగారి భయం పూర్తిగా నిరాధారమని కూడా నేను అనను. గర్భసంచి తొలగించిన తరువాత కొందరిలో కటి అడుగు భాగపు కండరాలు బలహీనపడి, యోని పైభాగం కిందకు జారడం వాస్తవమే. అందువల్ల మిమ్మల్ని మీరు కొన్ని ప్రశ్నలు వేసుకోండి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం చుక్కలుగా పడుతోందా? సాయంత్రానికి పొత్తికడుపు కింద బరువుగా, ఏదో దిగుతున్నట్టు అనిపిస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు గైనకాలజిస్టుకు చూపించుకుని, కటి కండరాల వ్యాయామాలు నేర్చుకున్న తరువాతే బరువుల జోలికి వెళ్లండి. అవేవీ లేకపోతే, ఆపరేషన్ జరిగి మూడేళ్లయింది కాబట్టి, తక్కువ బరువుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటూ పోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఆపరేషన్ చేసిన వైద్యురాలిని ఒకసారి అడిగితే ఇంట్లో పెద్దవారికి కూడా ధైర్యం కలుగుతుంది.

ఇక్కడ అన్నింటికంటే ముఖ్యం ఊపిరి. బరువు పైకి లేపే క్షణంలో ఊపిరి బిగబట్టి, పొట్టను కిందకు నెట్టడం చాలామందికి తెలియకుండానే జరిగిపోతుంది. అలా చేస్తే కటి భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది, రక్తపోటు కూడా ఆ క్షణంలో బాగా ఎగబాకుతుంది. దించేటప్పుడు గాలి పీల్చి, ఎత్తేటప్పుడు నోటితో వదలడం మీరు మొదటి వారంలోనే అలవాటు చేసుకోవాలి. మీ రక్తపోటు మాత్రతో అదుపులో ఉందన్నారు కాబట్టి బరువుల వ్యాయామం మీకు మేలే చేస్తుంది. 180/110 దాటిన రోజు మాత్రం వ్యాయామం జోలికి వెళ్లకుండా వైద్యుడిని కలవండి. మీ మాత్ర బీటా బ్లాకర్ రకం అయితే గుండె వేగం అంతగా పెరగదు కాబట్టి, నాడి చూసి శ్రమను అంచనా వేయకూడదని ట్రైనర్‌కు ముందే చెప్పండి.

మీకు బరువుల వ్యాయామం ఎందుకు అవసరమో కూడా చెప్పాలి. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తొలగించినవారిలో మెనోపాజ్ కొంత ముందుగా రావచ్చు. నెలసరి లేకపోవడం వల్ల అది ఎప్పుడు వచ్చిందో మీకు సులభంగా తెలియదు. ఆ మార్పు తరువాతి కొన్నేళ్లలో ఎముకల సాంద్రత వేగంగా పడిపోతుంది. ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పరిశోధన ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయానిది, 2018లో వెలువడింది. అందులో ఎముకల సాంద్రత తగ్గిన 101 మంది మహిళలను తీసుకున్నారు, అందరూ మెనోపాజ్ దాటినవారే. ఒక వర్గం చిన్న బృందాలుగా నిపుణుల పర్యవేక్షణలో వారానికి రెండు రోజులు, రోజుకు 30 నిమిషాలు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా లేవడం), స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), తల మీదికి బార్ ఎత్తడం, ఎగిరి దిగడం చేసింది. రెండవ వర్గం ఇంటి దగ్గరే తేలికపాటి వ్యాయామం చేసింది. ఎనిమిది నెలల తరువాత మొదటి వర్గంలో నడుము వెన్నెముక సాంద్రత సగటున 2.9 శాతం పెరగగా, రెండవ వర్గంలో 1.2 శాతం తగ్గింది. వారు ఎత్తినవి చిన్న బరువులు కావు. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా ఎత్తారు, కానీ మొదటి నెలంతా తేలికైన బరువులతో పద్ధతి నేర్చుకున్న తరువాతే ఆ స్థాయికి వెళ్లారు. పెద్ద బరువుల వరకూ వెళ్లేది పర్యవేక్షణ ఉంటేనే అన్నది ఇందులో మనం గ్రహించవలసిన విషయం.

సమాధానం: రాజమహేంద్రవరం నుంచి, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

అమ్మా, పై ఇద్దరూ చెప్పినది బాగుంది కానీ నేను కొంత భిన్నంగా ఆలోచిస్తాను. మా చిన్నతనంలో ఊరి తాలింఖానాలో, అంటే వ్యాయామశాలలో, బస్కీలు, దండీలు, సంగిడీల (ఎత్తే రాతి బరువుల)తోనే మనుషులు ఇనుములా తయారయ్యేవారు. వారిలో ఎవరూ నెలకు వేల రూపాయలు చెల్లించలేదు. రోజూ నడక, సూర్యనమస్కారాలు, ఇంట్లో బస్కీలు చేసుకుంటే మీ వయసుకు సరిపోతుందని, ఆ 3,500 రూపాయలు పాలు, పండ్లకు ఖర్చు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆడవారికి బరువులు పడవన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన అమ్మాయే. అప్పుడు నేను పాఠశాలలో ఆడపిల్లల చేత షాట్‌పుట్ వేయించడానికి తల్లిదండ్రులను ఒప్పించడం ఎంత సులువైందో నాకు ఇప్పటికీ గుర్తు.

సమాధానం: విశాఖపట్నం నుంచి, ఫిజియోథెరపిస్టు

మాస్టారూ, బస్కీల విలువను నేను ఏమాత్రం తక్కువ చేయను. మీరు చెప్పిన తాలింఖానాలో కూడా ఉస్తాదు పక్కనే నిలబడి తప్పు దిద్దేవారు, సంగిడీల బరువు ఏటేటా పెరిగేది. ఇక్కడ అక్కగారు చెప్పిన చిన్న బ్యాచ్ పద్ధతి అదే. శ్రుతి తప్పిన చోటే ఆపి దిద్దే సంగీతం గురువు ఉంటే శిష్యులు ఎంత త్వరగా నేర్చుకుంటారో మీకు చెప్పనక్కర్లేదు.

నడకతో గుండెకు, ఊపిరితిత్తులకు మేలు జరుగుతుంది కానీ భుజాలు, వీపు, చేతుల కండరాలకు పని పడదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు, ప్రధాన కండరాలన్నింటికీ పని చెప్పే బలవర్ధక వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని విడిగా పేర్కొన్నది. ఇంటి దగ్గర చేయడంలోనూ తప్పు లేదు. కాకపోతే రోజూ అవే ఇరవై బస్కీలు చేస్తే కొన్ని వారాలకు శరీరం వాటికి అలవాటు పడి, అక్కడితో బలం పెరగడం ఆగిపోతుంది. పుస్తకాలు నింపిన సంచిని వీపుకు తగిలించుకుని, దాని బరువును నెలనెలా పెంచగలిగే క్రమశిక్షణ ఉన్నవారికి కేంద్రంతో పని లేదు. ఆపరేషన్, రక్తపోటు రెండూ ఉన్న ఈవిడకు మాత్రం మొదటి ఆరు నెలలైనా పర్యవేక్షణలో చేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ తరువాత ఖర్చు భారమనిపిస్తే, నేర్చుకున్నదాన్ని రెండు డంబెల్స్‌తో ఇంట్లోనే కొనసాగించవచ్చు.

సమాధానం: హైదరాబాద్ నుంచి, పోషకాహార నిపుణురాలు

శాకాహారం గురించి క్లుప్తంగా రాస్తాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దలకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మహిళకు ఇది దాదాపు 50 గ్రాములు. బరువుల వ్యాయామం చేసేవారు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల వరకు వెళ్లడం మేలు. మూత్రపిండాల సమస్య ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడగకుండా పెంచకూడదు.

మన భోజనంలో ఇబ్బంది అన్నం ఎక్కువ, పప్పు పలచన కావడం. పప్పుచారులో తేలే పప్పును లెక్కలోకి తీసుకోకండి. 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో సుమారు 14 గ్రాములు, 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15 గ్రాములు, ఒక పెద్ద గ్లాసు పాలలో 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఉదయం రెండు ఇడ్లీలు, కొబ్బరి చట్నీతో సరిపెట్టకుండా వారంలో కొన్ని రోజులు పెసరట్టు వేసుకుని, మధ్యాహ్నం ముద్దపప్పు, గట్టి పెరుగు, సాయంత్రం గుగ్గిళ్లు తీసుకుంటే ఏ పొడులూ కొనకుండానే మీ అవసరం తీరుతుంది. ప్రొటీన్ మొత్తాన్ని ఒక్క పూటకే కాకుండా మూడు పూటలకూ పంచుకోండి.

ప్రశ్న అడిగిన వారు: విజయవాడ

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అక్కగారు చెప్పినట్టు నిన్న ఒక తరగతి పూర్తిగా కూర్చుని చూశాను. ట్రైనర్ దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ ఉంది. ఆరుగురిలో ఇద్దరు 20 కిలోల బార్‌తో డెడ్‌లిఫ్ట్ చేస్తుండగా, 60 దాటిన ఒకావిడ కెటిల్‌బెల్‌ను రెండు ఇటుకల మీద పెట్టి, అంత ఎత్తు నుంచే లేపడం నేర్చుకుంటున్నారు. నా ఆపరేషన్ గురించి, మాత్ర గురించి ఆమె తానుగానే అడిగి రాసుకున్నారు. మా వైద్యురాలు కూడా అభ్యంతరం లేదన్నారు. వచ్చే సోమవారం నుంచి చేరుతున్నాను. మాస్టారూ, మీ మాట కూడా మరిచిపోలేదు, తరగతి లేని రోజుల్లో నడక, సూర్యనమస్కారాలు మానను.

ఒకే ఒక్క సందేహం మిగిలింది. మెట్లు దిగేటప్పుడు నా కుడి మోకాలు కొద్దిగా నొప్పి పెడుతుంది. ఎక్స్‌రేలో గుజ్జు కాస్త అరిగిందన్నారు. నొప్పి వస్తే స్క్వాట్ పూర్తిగా మానేయాలా?

సమాధానం: విశాఖపట్నం నుంచి, ఫిజియోథెరపిస్టు

మానేయనవసరం లేదు. మోకాలి అరుగుదలకు తొడ ముందు కండరాలను బలపరచడం చికిత్సలో భాగమే. నొప్పిని సున్నా నుంచి పది వరకు కొలిస్తే మూడు లోపు ఉండి, మరుసటి ఉదయానికి మామూలు స్థాయికి వచ్చేస్తే కొనసాగించవచ్చు. అంతకు మించితే స్టూలు ఎత్తు పెంచి, బరువు తగ్గించి చేయండి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినట్టు ఆగిపోయినా ఎముకల వైద్యుడికి చూపించుకోండి. మొదటి వారం తొడలు, పిరుదులు రెండు మూడు రోజులు పట్టేసినట్టు నొప్పిగా ఉంటాయి. అది కండరం నొప్పి, కీలు నొప్పి కాదు. దానికి భయపడి మానవద్దు, మందులూ వేసుకోవద్దు.

సోమవారం మొదటి తరగతికి ముందే ఒక చిన్న పరీక్ష చేయించుకోండి. చేతులు లేని మామూలు ఎత్తు కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టమనండి. ఆ అంకెను తేదీతో సహా మీ పేజీలో మొదట రాయించి, మూడు నెలలకు అదే కుర్చీతో మళ్లీ చేయండి. వీలైతే ఈలోగా ఎముకల సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ గురించి కూడా మీ వైద్యురాలిని అడగండి. ఆ స్కాన్‌లో సాంద్రతను తెలిపే అంకె, అంటే టి-స్కోరు, మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ వస్తే నడుము ముందుకు వంచి చేసే వ్యాయామాలు ట్రైనర్ మార్చవలసి ఉంటుంది.